వాన రాకపోతే రేడియో అబద్ధమాడినట్టేనా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



పోయిన వేసవిలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. ఒకరోజు పొద్దున్నే డాబా మీద పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. అవి పెట్టి కిందికి వచ్చేసరికి రేడియోలో వార్తలు వస్తున్నాయి. సాయంత్రం ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉందన్నారు. ఇంకేముంది! మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చడం కూడా మానేసి, నేనూ మా అమ్మాయీ ఆ పంచె నాలుగు చెరగులూ పట్టుకుని, మెట్లమీద జాగ్రత్తగా దిగి, హాల్లో పంకా కింద పరిచాం. సాయంత్రమైంది. చినుకు లేదు సరికదా, ఆకాశం తుడిచిన అద్దంలా ఉంది. పక్కింటి వదినగారు గోడమీంచి తొంగిచూసి, "ఏమండోయ్ వదినగారూ, మీ రేడియో ఇవాళ కూడా అబద్ధమాడింది! నా వడియాలు చూడండి, గలగల్లాడుతున్నాయి" అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. కాని తర్వాత చాలాసేపు ఆ మాటే నా మనసులో తిరిగింది. వాన రానందువల్ల రేడియో నిజంగా అబద్ధమాడినట్టేనా? ఇది వడియాల దగ్గర ఆగిపోయే ప్రశ్న అయితే ఇంత ఆలోచించక్కర్లేదు. మన కోస్తా జిల్లాల్లో ఇదే ప్రశ్న మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. అందుకనే ఈవేళ మీతో ముందస్తు అంచనాల గురించి, వాటిని నమ్మడం ఎలా, ఎంతవరకు నమ్మడం అనే విషయం గురించి మాట్లాడదామనుకున్నాను.

అంచనా కట్టడం శాస్త్రజ్ఞులకి మాత్రమే తెలిసిన విద్య అనుకుంటాం. నిజానికి మనం రోజూ చేసే పనే అది. ఇంటికి చుట్టాలు వస్తామని కబురు పంపారనుకోండి. పన్నెండుమందిమి అన్నారు. మీరు ఎసట్లో ఎన్ని బియ్యం పోస్తారు? పన్నెండుమందికి సరిపడా కొలిచి పోయరు కదా. వాళ్లలో పిల్లలెందరు, మధుమేహం వచ్చి అన్నం మానేసి పుల్కాలు తినేవాళ్లెందరు, చెప్పకుండా వెంటబెట్టుకుని వచ్చే మనిషి ఒకరుంటారా, పోయినసారి ఎంత మిగిలింది, ఇవన్నీ క్షణంలో లెక్క వేసుకుంటారు. పెద్దవాళ్లు దీన్ని "చేతి వాటం" అంటారు. శాస్త్రజ్ఞులు దీన్నే "నమూనా" అంటారు, ఇంగ్లీషులో మోడల్. జరిగినదాన్ని బట్టి, తెలిసిన నియమాల్ని బట్టి, జరగబోయేదాన్ని లెక్కకట్టే పద్ధతి అన్నమాట.

ఇందులో ఇంకో రహస్యం కూడా ఉంది. మనం ఎప్పుడూ గుప్పెడు బియ్యం ఎక్కువే పోస్తాం. ఎందుకు? అన్నం మిగిలితే పొద్దున్న పులిహోర కలుపుకోవచ్చు. తక్కువైతే మటుకు చుట్టాల ముందు తలవంపులు. రెండూ పొరపాట్లే, కాని రెండింటి ఖరీదూ ఒకటి కాదు. ఈ చిన్న మాట గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వాలు ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించే పెద్ద నిర్ణయాలన్నీ చివరికి ఈ ఎసటి లెక్క దగ్గరికే వస్తాయి.

ఇక మన తీరం సంగతి చూద్దాం. 1864 నవంబరులో బందరు మీద వచ్చిన తుఫానులో, ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారని చెబుతారు. అంతకు నెలరోజుల ముందే, అదే ఏడాది అక్టోబరులో కలకత్తా మీద ఇంకో పెద్ద తుఫాను విరుచుకుపడింది. ఆ తర్వాత కరువులు వచ్చాయి. ఈ దెబ్బలన్నీ తిన్నాక 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అంటే మన దేశంలో వాతావరణం లెక్కలు మొదలైంది కుతూహలంతో కాదు, చావులు చూసి.

అయినా నూరేళ్లు దాటాక, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. మన తరంవాళ్లం ఎవరమూ మరచిపోలేని రోజు అది. సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్లమీద పడింది. అధికారుల లెక్క ప్రకారమే 10,000 మంది దాకా పోయారు. తుఫాను ఉందన్న సంగతి అప్పటికి తెలియక కాదు. కాని అది ఎక్కడ, ఎంత బలంగా తీరం దాటుతుందో నిక్కచ్చిగా చెప్పే సాధనాలు అప్పుడు లేవు. చెప్పిన కబురు చివరి గుడిసె దాకా చేరే దారీ లేదు. చేరినా ఎక్కి కూర్చోడానికి గట్టి మేడ లేని ఊళ్లెన్నో!

మా పిన్నిది నాగాయలంక దగ్గర పల్లె. ఆ రాత్రి ఆమె, మా చిన్నాన్న, ఇద్దరు పిల్లలు ఊళ్లో ఉన్న ఒకే ఒక డాబా మీద తెల్లవార్లూ తడిసి ముద్దయి బతికి బయటపడ్డారు. వాళ్ల వీధిలో సగం ఇళ్లలో దీపం పెట్టే మనిషి మిగల్లేదు. ఆమె కథకి మళ్లీ వస్తాను. ముందు ఈ తుఫాను లెక్క ఎలా వేస్తారో కొంచెం చెప్పుకుందాం.

గాలి, ఒత్తిడి, వేడి, తేమ ఇవన్నీ ప్రకృతి నియమాలకి కట్టుబడి ఉంటాయి. ఇప్పుడు ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో తెలిస్తే, రేపు ఎంతెంత ఉంటాయో లెక్క కట్టవచ్చు. ఈ ఆలోచనని చేతల్లో పెట్టి చూసిన ఇంగ్లీషాయన రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడ్డవాళ్లని మోసే బండి నడుపుతూ, తీరిక దొరికినప్పుడల్లా కాగితం మీద ఆరు గంటల వాతావరణాన్ని చేత్తో లెక్కకట్టాడు. వారాల తరబడి పట్టింది. తీరా చూస్తే జవాబు పూర్తిగా తప్పు! గాలి ఒత్తిడి ఎన్నడూ ఎరగనంతగా మారిపోతుందని వచ్చింది. నిజానికి ఆ రోజు అది ఇంచుమించు కదలనే లేదు. ఆయన సిగ్గుపడి దాచుకోలేదు. ఆ తప్పు లెక్కని 1922లో పుస్తకంలో వేయించాడు. తర్వాతివాళ్లు ఆ తప్పు ఎక్కడుందో వెతికి సరిదిద్దుకున్నారు. 1950లో అమెరికాలో మొట్టమొదటిసారి కంప్యూటరు మీద ఇలాంటి లెక్క నడిచింది. ఇరవైనాలుగు గంటల ముందుమాట చెప్పడానికి ఇరవైనాలుగు గంటలే పట్టిందట! అంటే రేపటి సంగతి రేపు తెలిసిందన్నమాట. ఆ లెక్కని యంత్రానికి అర్థమయ్యే రీతిలో రాయడంలో సాయపడి, చివరికి తప్పొప్పులు సరిచూసిన మనిషి ఒక స్త్రీ, క్లారా వాన్ నాయ్‌మన్.

స్త్రీల మాట వచ్చింది కాబట్టి మన అన్నా మణి గారిని కూడా తలుచుకోవాలి. కేరళలో పుట్టి, 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరి, వానని, గాలిని, ఎండని కొలిచే పరికరాలు ఈ దేశంలోనే తయారయ్యేలా, దేశమంతటా ఒకే కొలత ఉండేలా చూశారావిడ. తప్పుడు కొలతకంటే అసలు కొలవకపోవడమే మేలని ఆవిడ పట్టుదల. పప్పు కొలిచే సోలకి సొట్ట ఉంటే వంట ఎంత బాగా చేసినా ఏం లాభం? నమూనా ఎంత గొప్పదైనా అంతే. లోపలికి పోసిన కొలత ఎంత సరిగ్గా ఉంటే జవాబు అంత సరిగ్గా వస్తుంది.

అయితే కొలతలెంత బాగున్నా లెక్క నూటికి నూరుపాళ్లు ఎందుకు నిజం కాదు? దీనికి జవాబు 1961లో అమెరికాలో లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడికి అనుకోకుండా దొరికింది. కంప్యూటరులో నడుస్తున్న వాతావరణం లెక్కని మధ్యలోంచి మళ్లీ మొదలుపెడుతూ, 0.506127 అని వేయాల్సిన చోట 0.506 అని వేశాడు. మనం నెలఖర్చు రాసుకునేటప్పుడు చివరి పైసలు వదిలేస్తామే, అలాగ. తిరిగొచ్చి చూసేసరికి రెండు లెక్కలూ కాసేపు కలిసి నడిచి, తర్వాత ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. ఇప్పటి గాలిలో మనం కొలవలేకపోయిన చిటికెడు తేడా, వారం తర్వాత వానకీ ఎండకీ ఉన్నంత తేడా అయి కూర్చుంటుంది. అందువల్ల ఎంత పెద్ద కంప్యూటరైనా "వచ్చే నెల పదో తారీకు సాయంత్రం మీ వీధిలో వాన" అని చెప్పలేదు. అలా చెబుతున్నారంటే అది లెక్క కాదు, జోస్యం.

మరి ఇప్పుడేం చేస్తున్నారు? ఒకే లెక్క వేసి ఊరుకోరు. మొదటి కొలతల్ని కొంచెం కొంచెం మార్చి, అదే లెక్కని పదుల సార్లు వేస్తారు. కొత్త ఊళ్లో అడ్రసు వెతుక్కుంటూ ఐదుగురిని అడుగుతామే, అలాగ. ఐదుగురూ కుడి సందే చూపిస్తే ధైర్యంగా వెళ్తాం. ముగ్గురు కుడికి, ఇద్దరు ఎడమకి చూపిస్తే, వెళ్తూ వెళ్తూ ఇంకోసారి అడుగుతాం. లెక్కలన్నీ ఒకే తీరం చూపిస్తే శాస్త్రజ్ఞులు గట్టిగా చెబుతారు. చెదిరిపోతే మెత్తగా చెబుతారు. టీవీలోనో పత్రికలోనో తుఫాను దారి చూపించే పటంలో, ముందు సన్నగా, పోనుపోను వెడల్పుగా సన్నాయి నోరులా విచ్చుకునే బొమ్మ చూసే ఉంటారు. అది తుఫాను సైజు కాదు సుమండీ! తుఫాను ఇంకా ఎటెటు పోయే వీలుందో చూపే బొమ్మ. మన ఊరు మధ్యగీత మీద లేదని నిశ్చింతగా ఉండకూడదు. ఆ వెడల్పులో ఎక్కడున్నా మన ఊరు లెక్కలో ఉన్నట్టే.

ఇప్పుడు నా వడియాల దగ్గరికి వస్తాను. వాన పడడానికి నూటికి డెబ్భై పాళ్లు అవకాశం ఉందన్నారనుకోండి. దానర్థం ఏమిటి? ఇలాంటి గాలి, ఇలాంటి మబ్బు ఉన్న రోజులు పది తీసుకుంటే ఏడు రోజులు వాన పడుతుంది, మూడు రోజులు పడదు అని. నా వడియాల రోజు ఆ మూడు రోజుల్లో ఒకటై ఉండవచ్చు. తమాషా ఏమిటంటే, డెబ్భై పాళ్లన్న పది రోజులూ వానే పడితే, ఆ చెప్పినాయన లెక్క అప్పుడే సరిగా లేనట్టు! కాబట్టి ఒక్కరోజు చూసి అంచనా మంచిదో చెడ్డదో తేల్చలేం. ఏడాది పొడుగునా చెప్పినదాన్నీ జరిగినదాన్నీ పక్కపక్కన రాసి చూడాలి. పాలవాడు ఒకరోజు నీళ్లు కలిపాడని కాదు, నెలంతా ఎలా పోశాడని చూస్తాం కదా.

ఇంత చెప్పినంత మాత్రాన నమూనాలు తప్పవని కాదు. తప్పుతాయి. పెద్ద తప్పులే తప్పుతాయి. 1988 నుంచి మన దేశంలో వానాకాలం ఎలా ఉంటుందో చెప్పడానికి పదహారు అంశాలున్న ఒక నమూనా వాడేవారు. ఎక్కడో మంచు ఎంత పడింది, ఇంకెక్కడో సముద్రం ఎంత వేడెక్కింది, గతంలో అలా జరిగినప్పుడు మన వానలు ఎలా ఉన్నాయి అన్న పోలికల మీద ఆధారపడిన లెక్క అది. పదేళ్లకు పైగా బాగానే నడిచింది. 2002లో మామూలుగానే వానలు పడతాయని చెప్పింది. పడలేదు. జూలైలో వాన ఇంచుమించు సగానికి పడిపోయింది. మొత్తం మీద పడాల్సిన దానిలో 81 పాళ్లే పడి దేశమంతా కరువు వచ్చింది. మామూలు వానలని నమ్మి విత్తనం వేసిన రైతు గతేమిటి?

ఎందుకు తప్పింది? మా అత్తగారి కాలంలో శ్రావణ శుక్రవారం పేరంటానికి ఇరవైమంది వచ్చేవారు. ఆ లెక్కనే పట్టుకుని నేను ఇవాళ ఇరవైమందికి శనగలు నానబోస్తే సగం మిగిలిపోతాయి. వీధి మారింది, మనుషులు మారారు, ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. గతం మీద కట్టిన లెక్క, గతంలాంటి కాలం ఉన్నంతవరకే పనికొస్తుంది. వాతావరణ శాఖ ఆ దెబ్బ తిన్నాక పాత నమూనాని పక్కనపెట్టి 2003లో కొత్తవి తెచ్చింది. తప్పడం నేరం కాదు. తప్పిందని ఒప్పుకుని లెక్క మార్చుకోకపోవడం నేరం.

ఇంకో రకం తప్పు ఉంది. ఇది లెక్కలో తప్పు కాదు, చెప్పడంలో తప్పు. అమెరికాలో గ్రాండ్ ఫోర్క్స్ అని ఏటిఒడ్డు ఊరు. 1997 ఏప్రిల్‌లో మంచు కరిగి వరద వస్తుంటే, నీరు 49 అడుగుల దాకా రావచ్చని అధికారులు చెప్పారు. ఊరి కట్టలు అంతకంటే ఎత్తుగానే ఉన్నాయి. జనం హమ్మయ్య అనుకున్నారు. నీరు 54 అడుగులు వచ్చింది. కట్టలు మునిగి ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ 49 అన్న అంకెకి అటూ ఇటూ చాలా అడుగుల తేడా ఉండవచ్చని లెక్కకట్టినవాళ్లకి తెలుసు. జనానికి మాత్రం ఒక్క అంకే చేరింది. "అటూ ఇటూ ఎంత?" అన్న ముక్క చెప్పకపోవడం వల్ల వచ్చిన నష్టం అది. ఖచ్చితంగా చెబితేనే జనం నమ్ముతారని పెద్దవాళ్లు అనుకుంటారు. కాని అనుమానాన్ని దాచిన అంకె మంచిగా కనిపించే మోసం.

సరే, అంచనా బాగుంది, బాగా చెప్పారు కూడా అనుకుందాం. తర్వాత? 1999 అక్టోబరు 29న ఒడిశా మీద మహా తుఫాను వచ్చింది. దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న అదే ఒడిశా తీరం మీద, గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తుఫాను వచ్చింది. ఇదీ అతి భయంకరమైనదే. కాని ఈసారి ఒడిశా, ఆంధ్ర తీరాల్లో పది లక్షల మందికి పైగా ముందే తరలించారు. పోయినవాళ్లు యాభైమంది లోపు. పద్నాలుగేళ్లలో వచ్చిన ఈ తేడా ఒక్క కంప్యూటరు వల్ల వచ్చింది కాదు. లెక్కలు మెరుగయ్యాయి, నిజమే. ఇరవైనాలుగు గంటల ముందు చెప్పినప్పుడు తుఫాను దారిలో వచ్చే పొరపాటు ఇప్పుడు సగటున నూరు కిలోమీటర్ల లోపుకి దిగింది. కాని దానితోపాటు ఒడిశా ప్రభుత్వం 1999లోనే ఈ పనికోసం ఒక ప్రత్యేక సంస్థ పెట్టుకుంది. తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టింది. ఊరూరా మనుషుల్ని తయారుచేసింది. అంచనా అనేది ఉత్తరం లాంటిది. అందుకునే చిరునామా, చదివే మనిషి, కదిలే బస్సు లేకపోతే అది తపాలా సంచిలోనే ఉండిపోతుంది.

ఇక్కడ మన ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1991లో బంగ్లాదేశ్ తుఫానులో లక్షకు పైగా చనిపోయారు. ఇరవై నుంచి నలభైనాలుగేళ్ల వయసువాళ్లలో మగవాళ్లు వెయ్యికి 15 మంది పోతే, ఆడవాళ్లు వెయ్యికి 71 మంది పోయారని తర్వాత లెక్క తేలింది. సముద్రానికి ఆడామగా తేడా తెలుసా? కబురు వీధి అరుగుల మీద మగవాళ్ల చెవిన పడింది, ఇంట్లోకి ఆలస్యంగా వచ్చింది. మగవాళ్లు వచ్చేదాకా ఆడవాళ్లు కదలలేదు. పిల్లలు, ముసలివాళ్లు, పశువులు, చీరకట్టు! షెల్టరుకి వెళ్దామంటే అక్కడ ఆడవాళ్లకి వేరే గది లేదు, మరుగు లేదు. తుఫాను దారిని లెక్కకట్టే నమూనాలో ఇవేవీ ఉండవు. విధానం తయారుచేసేవాళ్లు వీటిని చేర్చాలి. చేర్చాలంటే అడిగే గొంతు మనది కావాలి.

ఇప్పుడు మా పిన్ని దగ్గరికి వస్తాను. 1977 తర్వాత ఆమె ఒక నియమం పెట్టుకుంది. రేడియోలో విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం పేరు వినపడి, బందరు రేవులో పెద్ద నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే చాలు, పశువుల పలుపులు విప్పి, పత్రాలూ నాలుగు బట్టలూ సంచిలో పెట్టుకుని, పిల్లల్ని తీసుకుని బెజవాడ బస్సెక్కేది. ఆరుసార్లు అలా మా ఇంటికి వచ్చింది. ఆరుసార్లూ తుఫాను ఇంకెక్కడో తీరం దాటింది, లేకపోతే బలహీనపడింది. తిరిగి ఊరికి వెళ్తే, "ఏమ్మా, మళ్లీ పట్నం షికారా?" అని నవ్వేవారట. "నాన్నా పులి" కథలో పిల్లవాడిని చేశారు రేడియోని. పిన్ని మీద కోపంతో మా చిన్నాన్న కూడా ఒకసారి రానన్నాడు.

ఏడోసారి 1990 మే నెల. ఆ తుఫాను 9వ తారీకున సరిగ్గా కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటింది. పిన్ని ఇంటి కప్పు లేచిపోయింది, పశువుల పాక ఆనవాలు లేదు. మనుషులు మాత్రం మా ఇంట్లో క్షేమంగా ఉన్నారు. ఆ ఏడాది ప్రభుత్వం కూడా ఆరు లక్షల మందికి పైగా ముందే ఖాళీ చేయించింది. ఉపగ్రహం కళ్లు వచ్చాయి, కబురు ముందే అందింది. చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. అదీ తక్కువేం కాదు, కాని 1977తో పోల్చి చూడండి.

నేను అడిగాను, "ఆరుసార్లు వట్టిదే అయింది కదా పిన్నీ, నీకు విసుగు రాలేదా?" అని. ఆమె ఏమందో తెలుసా? "ఆరుసార్లు బస్సు చార్జీ పోయింది. అంతేగా!" అంది. మూడో తరగతి చదివిన మనిషి. ఎసట్లో గుప్పెడు బియ్యం ఎక్కువ పోసే లెక్కే అది. ఏ పొరపాటు ఖరీదు ఎంతో ఆమెకి తెలుసు.

కాని ఇక్కడే ఒక మాట ఒప్పుకోవాలి. పిన్నికి బెజవాడలో మా ఇల్లుంది, చేతిలో చార్జీ ఉంది. రోజుకూలి చేసుకునే మనిషికి మూడు రోజులు ఊరు వదిలితే మూడు రోజుల కూలి పోతుంది. మేక పోతుంది, తాళం లేని ఇంట్లో సామాను పోతుంది. ఆమెకి వట్టి హెచ్చరిక ఖరీదు బస్సు చార్జీ కాదు, మూడు రోజుల తిండి. "చదువులేనివాళ్లు, చెబితే వినరు" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆమె లెక్క ఆమెది. ఆ లెక్క మారాలంటే, వట్టిదైన హెచ్చరిక ఖర్చు ఆమె ఒక్కతే మోయకుండా మనమందరం పంచుకోవాలి. శిబిరంలో వేడి అన్నం, తిరిగి వెళ్లేటప్పుడు ఇంత బియ్యం, ఇంత డబ్బు ఇవ్వడం ఈమధ్య తుఫాన్లలో చేస్తున్నారు. దాన్ని ఉచితం అని, దుబారా అని ఎవరైనా అంటే మీరు ఒప్పుకోకండి. అది నమ్మకం నిలబెట్టుకోడానికి కట్టే వాయిదా. ఆమె ఏడోసారి కూడా బస్సెక్కాలంటే, ఆరుసార్లూ ఆమెకి నష్టం లేకుండా చూడాలి.

పట్నంలో ఉన్నాం, మనకేమిటి అనుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం నగరం మీదికే వచ్చింది. వస్తుందని ముందే చెప్పారు, చెప్పినట్టే వచ్చింది. ప్రాణనష్టం తగ్గింది. కాని తర్వాత కొన్నాళ్లు కరెంటు లేక, పాలప్యాకెట్టు కోసం, నీళ్ల క్యాను కోసం మేడల్లోవాళ్లు కూడా క్యూలు కట్టారు. ముందుమాట విన్నవాళ్లందరూ ముందుజాగ్రత్త పడలేదు.

కాబట్టి అమ్మా, ఇకమీదట ఏ అంచనా విన్నా, అది వాన కానివ్వండి, వరద కానివ్వండి, జ్వరాల లెక్క కానివ్వండి, ధరల లెక్క కానివ్వండి, నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, అటూ ఇటూ ఎంత? రెండు, వీళ్లు ఇదివరకు చెప్పినవి ఎంతవరకు జరిగాయి? మూడు, నమ్మి తప్పితే ఏం పోతుంది, నమ్మకుండా తప్పితే ఏం పోతుంది? నాలుగు, ఆ పోయేది ఎవరిది? ఈ నాలుగో ప్రశ్నకి కంప్యూటరు జవాబు చెప్పదు. అది మనం, మనం ఎన్నుకున్నవాళ్లు చెప్పవలసిన జవాబు.

ఇప్పుడు వాతావరణ శాఖ హెచ్చరికలు రంగుల్లో కూడా వస్తున్నాయి. ఆకుపచ్చ అంటే పరవాలేదు, పసుపు అంటే కనిపెట్టి ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. ఈ నాలుగు రంగులూ ఇంట్లో పిల్లలకి నేర్పండి. పనిమనిషికీ చెప్పండి. ఆమె అమ్మగారి ఊరు సముద్రం ఒడ్డున అయితే, మీ ఫోనులోంచి అక్కడికి ఒక కబురు చేయించండి.

మొన్న మళ్లీ వడియాలు పెట్టాను. మళ్లీ జల్లులన్నారు. మళ్లీ పంచె చెరగులు పట్టుకుని కిందికి దించాం. ఈసారీ వాన రాలేదు. వదినగారు మళ్లీ నవ్వారు. నేను కూడా నవ్వి, "మెట్లు దిగిన శ్రమే కదండీ పోయింది" అన్నాను.